రాశి రెండింతలైతే

నేను గుంటూరులో ఇంజనీరింగ్ పిల్లలకు హీట్ ట్రాన్స్‌ఫర్ చెబుతాను. సూత్రం గుర్తు రాకపోయినా యూనిట్లు సరిచూసుకుంటే సగం లెక్క తేలిపోతుందని ఏటా చెబుతాను. ఏటా సగం మంది వినరు. అది నాకు అలవాటే.

మా అన్నయ్య మిరప వేస్తాడు. కోసిన పండుకాయను ఆరబోసే ముందు ఒక రాత్రి కల్లంలో రాశి పోసి ఉంచడం మా వైపు పద్ధతి. దానివల్ల దోరకాయ కూడా ఎర్రబడుతుంది. అయితే రాశి లోపల వేడి పుడుతుంది. అది బయటికి పోకపోతే కాయ తెల్లబడి తాలుకాయ అయిపోతుంది. తాలుకాయను మిర్చి యార్డులో ఎవరూ లెక్కచెయ్యరు.

ఆ ఆదివారం నేను ఊరెళ్లేసరికి మబ్బు పట్టింది. ఉన్నది ఒక్కటే టార్పాలిన్. ఎప్పుడూ చిన్న చిన్న రాశులు పోసే అన్నయ్య ఈసారి వానకు భయపడి రెండో కోత మొత్తం ఒకే గుట్టగా పోయించాడు. ఏడాది మొత్తానికీ మంచి కాయ వచ్చేది ఆ కోతలోనే.

"అంత గుట్ట వద్దన్నయ్యా, లోపల ఉడికిపోద్ది," అన్నాను.

"ఎత్తూ వెడల్పూ రెండింతలు చేశా. చల్లారటానికి రెండింతల టైం పడుద్ది. అంతేగా?"

"రెండు కాదు, నాలుగింతలు."

పుల్లతో నేలమీద రాసి చూపించాను. ఒక పదార్థంలో వేడి ఎంత తొందరగా పాకుతుందో చెప్పే సంఖ్యకు యూనిట్ సెకనుకు ఇన్ని చదరపు మీటర్లు. అందులోంచి ఒట్టి సెకన్లు రావాలంటే పొడవును పొడవుతోనే గుణించి, ఆ సంఖ్యతో భాగించాలి. వేరే దారి లేదు. అంటే పొడవు రెండింతలైతే సమయం రెండు రెళ్లు నాలుగింతలు. చిన్న రాశికి ఒక పూట పడితే ఈ గుట్టకు రెండు రోజులు. క్లాసులో చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాను. అన్నయ్య ఆకాశం వంక చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. పుల్ల పారేసి ఇంట్లోకి వెళ్లిపోయాను.

వాన రాలేదు. మబ్బు కొత్తపట్నం వైపు పోయి సముద్రం మీద కురిసిందట. కానీ మర్నాడంతా మళ్లీ మబ్బుగానే ఉండటంతో అన్నయ్య టార్పాలిన్ తీయలేదు. మంగళవారం నేను కాలేజీకి సెలవు పెట్టి మళ్లీ ఊరెళ్లాను. పైకాయ ఎర్రగానే ఉంది. లోపలికి చెయ్యి పెట్టి వెంటనే లాగేసుకున్నాను, అంత వేడి. నడిమి కాయంతా తెల్లగా, మెత్తగా అయిపోయింది.

నా లెక్క నిజమైనందుకు సంతోషం కలగలేదు, బాధే వేసింది. అన్నయ్య గుప్పెడు తాలుకాయ తీసి చూసుకుని నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, అంత ఖాయంగా తెలిసినోడివి అంత మెల్లగా చెబుతావా? పక్కోడి గేదె చేలో పడితేనే ఊరంతా వినపడేటట్టు అరుస్తాం. నువ్వూ అరవాల్సింది. అరిచుంటే భయపడేవాణ్ణి, గుట్ట చెదరగొట్టేవాణ్ణి."