ఇరవై ఆరేళ్ల ముసలవ్వ

ఆ రోజుల్లో అంటే ఏ నవాబుల కాలమో అనుకునేరు, నాలుగేళ్ల కిందటి సంగతే. అయినా అప్పటి నన్ను తలచుకుంటే వేరెవరో కుర్రవాణ్ణి దూరం నుంచి చూస్తున్నట్టే ఉంటుంది. వయసు ఇరవై మూడు, చేతిలో డిప్లొమా, నోటినిండా హేతువాదం. కాలేజీ వక్తృత్వ పోటీల్లో దేవుణ్ణి మూడుసార్లు ఓడించి (రెండు ప్రథమ బహుమతులు, ఒక ప్రోత్సాహక బహుమతి), అబుదాబి ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక పైపుల ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరుగా బయల్దేరాను.

హైదరాబాద్‌లో విమానం తలుపు దగ్గర వరుస ఆగిపోయింది. ఎందుకా అని చూస్తే, ఎక్కేవాళ్లలో చాలామంది తలుపు పక్కన ఒకచోట అరచెయ్యి ఆనించి కళ్లకద్దుకుంటున్నారు. నా రక్తం మరిగింది. నా వంతు రాగానే వెనక్కి తిరిగి, "సోదరులారా! ఇది అల్యూమినియం. అల్యూమినియానికి దండం పెట్టే జాతి ఎప్పటికి బాగుపడుతుంది?" అని మొదలుపెట్టాను. మూడో వాక్యం అందుకోకముందే ఎయిర్ హోస్టెస్ చిరునవ్వుతో నన్ను లోపలికి తోసింది. పక్క సీట్లో జగిత్యాల వైపు మనిషి, పద్దెనిమిదేళ్లుగా గల్ఫ్‌లో వెల్డర్, కూర్చుంటూనే, "కొత్తనా అల్లుడా? గిది మన ముసలవ్వ. నేను ఎప్పుడు పోయినా గీమెతోనే పోత" అన్నాడు. కంపెనీకి ఇన్ని విమానాలుండగా ప్రతిసారీ ఇదేనని రుజువేమిటన్నాను. "తలుపు పక్కన అరచెయ్యంత అతుకు జూసినవా? రెండు వరుసల రివెట్లు. మంచి పనోని చెయ్యి అది. వెల్డర్ కన్ను మోసపోదు" అన్నాడు. అది రుజువే, ఒప్పుకోక తప్పలేదు. ఆయనే తర్వాత నా గదిలో పెద్దదిక్కు, క్యాంపు మొత్తానికి వెల్డర్ మామ.

సముద్రం మీదికి వచ్చాక ముసలవ్వ ఒక్కసారి కుదిపింది. నా ముందున్న ట్రే ఊడి మోకాళ్ల మీద పడింది. నాకు దేవుడు లేడు, అమ్మ దగ్గర లేదు. మామ చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, తెలిసిన ఒకే ఒక్క ధైర్యవచనం పైకే చదివాను: "రెక్క పైన పీడనం తక్కువ, రెక్క కింద పీడనం ఎక్కువ, అందుకే విమానం పడదు... రెక్క పైన పీడనం తక్కువ..." మామ భక్తిగా విని, "మంచి మంత్రమే సదువుతున్నవ్, ఆపకు" అన్నాడు. (అది మంత్రం కాదు, భౌతికశాస్త్రం అని చెప్పడానికి ప్రయత్నించాను. పళ్లు టకటకలాడుతుంటే వాదన సాగదు.)

ఫ్యాక్టరీలో పొద్దున్నే పని మొదలయ్యేముందు అందరినీ నిలబెట్టి పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పడం నా ఉద్యోగం. ఆ పది నిమిషాలనూ సంఘసంస్కరణకు వాడుకున్నాను. "క్రేనుకు నిమ్మకాయ కడితే కొక్కెం ఆగదు, తనిఖీ చేస్తే ఆగుతుంది! అబద్ధానికి ఈ గేటు లోపల చోటు లేదు!" అని నేను గర్జిస్తుంటే, హెల్మెట్ల కింద అరవైమంది హాయిగా ఆవలించేవారు.

రెండేళ్లు గడిచాక ఒక సాయంత్రం మామ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అవ్వ ఖలాస్, అల్లుడా. వచ్చే గురువారం హైదరాబాద్ సర్వీసే ఆఖరుదట." గదిలో మిగతా నలుగురికీ ఆ విమానంలోనే సెలవు కుదిరింది. నా సెలవును మాత్రం పెద్ద ఆర్డరు ఉందని ముదీర్, అంటే మా మేనేజరు, అప్పటికే కొట్టేశాడు. "పాత సామాను పాత సామానే, పోనివ్వండి" అన్నాను దర్జాగా. అన్నానే గాని, ఆ పూట బిర్యానీ సగం వదిలేశాను. మామ ఆ ప్లేటు వంక చూసి, ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు.

మర్నాడు ముదీర్ పిలిపించాడు. కేరళ మనిషి, ఎప్పుడూ చిటపటలాడేవాడు, ఆ రోజు కుర్చీ చూపించి పాలులేని సులేమానీ చాయ్ తెప్పించాడు. సెలవు కాగితం మీద అప్పటికే సంతకం ఉంది! "వెల్డర్ కా మెసేజ్ సునో," అంటూ ఫోన్ నొక్కాడు. మామ గొంతు: "సాబ్, హమారా బుడ్ఢీ అమ్మా గురువారం ఖలాస్. లడ్కా ఖానా నహీ ఖాతా. ఏక్ బార్ దేఖ్నే దో సాబ్." (మా ముసలమ్మ గురువారం పోతోంది, కుర్రాడు అన్నం తినడం లేదు, ఒక్కసారి చూడనివ్వమని!) ముదీర్ నిట్టూర్చి, నా భుజం మీద చెయ్యేసి, "ఉమర్ కిత్నా?" అని వయసు అడిగాడు. ఎనభై అంటే సరిపోయేది. కాగితం అందుకుని లేచిపోతే గురువారం సీటు నాది. కానీ రోజూ పొద్దున నేను చేసిన గర్జనలన్నీ అడ్డం వచ్చి నిలబడ్డాయి.

"ఇరవై ఆరు, సర్."

"తుమ్హారా నహీ, అమ్మా కా!"

"అమ్మా కా హీ, సర్."

"బీమారీ క్యా హై?" అని జబ్బు సంగతి అడిగాడు అనుమానంగా. "ఇంజన్లు పాతబడ్డాయి, సర్," అని మొత్తం చెప్పేశాను. ముదీర్ కాగితం వెనక్కి లాక్కున్నాడు. చించేస్తాడనుకున్నాను. చించలేదు. "ఏ జహాజ్? దర్వాజా కే పాస్ ప్యాచ్ వాలా?" అన్నాడు. తలుపు పక్క అతుకున్నదే, అవునన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ విమానం మధ్యలో కొన్నేళ్లు కొచ్చికి కూడా తిరిగిందట. పెళ్లయ్యాక భార్యను మొదటిసారి తీసుకొచ్చింది అందులోనేనట. కాగితం మళ్లీ నా ముందుకు జరిపి, "జావ్. మేరే తరఫ్ సే భీ ఏక్ బార్ హాథ్ లగానా. ప్రామిస్?" అన్నాడు. మాట ఇచ్చాను.

గదికి వచ్చి మామ మీద విరుచుకుపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పావని. "నేనేం అబద్ధమాడిన? అవ్వను అవ్వ అనక బాబాయ్ అంటరా? అన్నం తినకపోయింది నువ్వు గాదా?" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం తలుపు దగ్గర నా వంతు వచ్చింది. రెండేళ్ల కింద ఉపన్యసించిన చోటే. ఇచ్చిన మాట మాటే కాబట్టి, ముదీర్ తరఫున అతుకు మీద అరచెయ్యి ఆనించాను. ఎండకు కాగి వెచ్చగా ఉంది, రివెట్ల బొడిపెలు వరుసగా వేళ్లకు తగిలాయి. చెయ్యి తీశాను. తీసి, మళ్లీ పెట్టాను.

"గిదెవలి తరఫున?" అన్నాడు వెనకనుంచి మామ.

"యల్లా, పద మామా, వరుస ఆగిపోయింది," అన్నాను.

విమానం పరుగందుకోగానే నా ట్రే ఊడి మోకాళ్ల మీద పడింది. పక్కనే ఒక గొంతు శ్రద్ధగా మొదలైంది: "రెక్క పైన పీడనం తక్కువ..." మామే! ముందు వరుసలో ముగ్గురు అందుకున్నారు: "రెక్క కింద పీడనం ఎక్కువ!" రెండేళ్లలో ఆయన దాన్ని ఎంతమందికి ఉపదేశించాడో గాని, వెనక వరుసలు కూడా కలిసి, "అందుకే విమానం పడదు!" అంటూ చప్పట్లు కొడుతుంటే ముసలవ్వ సముద్రం మీదికి లేచింది. నా శాస్త్రాన్ని మంత్రం చేసేశారని కోపం రావలసింది. నేనూ గొంతు కలిపాను.

ఇప్పటికీ నేను హేతువాదినే. విమానానికి ఆత్మ ఉందని ఎవరైనా వాదానికి వస్తే రుజువులతో సిద్ధం. ఆ తలుపు దగ్గర నిలబడి సోదరులారా అని అరిచిన కుర్రవాడు గుర్తొస్తే మాత్రం, పిచ్చివాడా, ఆ అతుకు ఒకసారి ముట్టుకుని చూడవోయ్ అనాలనిపిస్తుంది. ఇప్పుడెక్కే కొత్త విమానాల్లో ట్రేలు ఊడవు, అతుకులు కనపడవు. అయినా చక్రాలు నేల విడిచేటప్పుడు నా పెదవులు కదులుతాయి. భయమేసి కాదు. (అబద్ధం ఆడను, కొంచెం భయమేసే.)