ఖాజా భాయ్ దుకాణానికి వచ్చింది ఎవరు?

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే, లేచి టీ పెట్టుకోవడానికి పోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఎటూ తేలకుండా ఉండిపోయింది.

మేం చౌటుప్పల్‌లో ఉంటాం. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పిల్లలు హాస్టళ్లకు వెళ్లాక నాకు బొమ్మల పిచ్చి పట్టింది. నేర్పేవాళ్లు దగ్గర్లో లేరు. ఫోన్‌లో వీడియోలు చూస్తే, నేను కుంచె తడిపేలోపే వాళ్ల బొమ్మ పూర్తయ్యేది. అందుకే పుస్తకాలు పోగేయడం మొదలుపెట్టాను. ఖాజా భాయ్ పాత పేపర్ల దుకాణమే నా బడి. పెన్సిల్ షేడింగ్, నీటిరంగులు, మంచి బొమ్మలున్న పాత వారపత్రికలు, ఏది కనబడినా తెచ్చి మంచం కింద దాచేదాన్ని.

మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, తిరుమలగిరి దగ్గర పల్లెలో ఉంటుంది. జీవితమంతా గొర్రెలు కాసిన మనిషి. కళ్లకు నీటికాసులు వచ్చాయని, పోయిన చూపు తిరిగి రాదని దవాఖానలో చెప్పారు.

"నాకు సూపు ఉన్నప్పుడే నా బొమ్మ గియ్యి బిడ్డా. నేను సూసుకోవాలె" అంది.

గీశాను. ఎన్నిసార్లు గీసినా ముడతలు తుమ్మ బెరడులా వచ్చేవి. ముసలి ముఖాలు గీయడం నేర్పే పుస్తకం ఒక్కటీ నా దగ్గర లేదు. ఈ బాధ ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక ఆదివారం మహబూబ్‌నగర్‌లో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లి, సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. మర్నాడు పొద్దున దుకాణానికి పోగానే, ఖాజా భాయ్ సుతిలి తాడుతో కట్టిన పుస్తకాల కట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నిన్న మీరు ఏరిపెట్టిన బుక్కులు అక్కా."

"నేనా? నిన్న నేను ఊర్లెనే లేను భాయ్!"

"మజాక్ చెయ్యకుండ్రి. పగటీలి వచ్చిండ్రు, గీ స్టూలు మీదనే కూసున్నరు. అవ్వ సూపు పోకముందే గియ్యాలె, జర ఎవ్వలకు ఇయ్యకు అన్నరు గద!"

అవ్వ సంగతి అతనికి నేనెన్నడూ చెప్పలేదు.

కట్ట విప్పితే అన్నీ ముసలి ముఖాల పాఠాలే. కావలసిన పేజీకి కింది మూల మడవడం నాకు అలవాటు. అందులోనూ కింది మూలలే మడిచి ఉన్నాయి. ఫోన్‌లో గృహప్రవేశం ఫొటోలు తెరిచి చూసుకున్నాను. మధ్యాహ్నం బంతిలో వడ్డిస్తున్నది నేనే.

ఇంట్లో చెబితే మా ఆయన ఒకటే నవ్వు. "మల్ల కనవడితే ఇంటికి తోల్కరా. వంటల నీకు ఆసరైతది."

ఆ పుస్తకాలు ముందు పెట్టుకుని గీసిన బొమ్మను అవ్వ కళ్ల దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది నేనే! గీ ముక్కు మా నాయినది" అని పకపకా నవ్వి, వాడంతా తిప్పి చూపించింది.

ఖాజా భాయ్‌కి నేను ఏళ్లుగా తెలుసు. ఇంకెవరినో చూసి నేననుకున్నాడని అనుకోలేను. ఆ వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఈమధ్య చేతివేళ్లు గీయడం కుదరక తంటాలు పడుతున్నాను. దుకాణానికి వెళ్లినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే.

"భాయ్, నిన్న నేనేమన్న వచ్చి పోయిన్నా?"

"లేదక్కా" అంటాడు.

నిజం చెప్పొద్దూ, కొంచెం నిరాశగానే ఉంటుంది.