మనిషి గడప దాటాక

శ్రీరాంపూర్ కాలనీలో దేవవ్వ ఇల్లు తెల్లవారకముందే ఊడ్చి, తుడిచి ఉండేది. ఆమెకు శుభ్రం పిచ్చి అని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకునేవారు. అసలు సంగతి వేరు. భర్త హనుమండ్లు మొదటి షిఫ్టుకు బొగ్గుబాయికి బయలుదేరాక ఆ ఇంట్లో పొరక పట్టకూడదు. మనిషి గడప దాటగానే వెనకే ఊడ్చి కడిగేది శవం లేచిన ఇంట్లోనే. పెళ్లయి వచ్చిన నాటి నుంచి దేవవ్వ ఈ పట్టింపు తప్పలేదు. ఆయన రోజూ క్షేమంగా పైకి వస్తున్నాడంటే అందులో తన వాటా కూడా ఉందని ఆమె నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుకోండి. మీ ఇంటి మనిషి భూమి కింద పనిచేస్తుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

మోకాళ్లు అరిగి వంగలేకపోతున్న తల్లిని చూసి, కరీంనగర్‌లో నౌకరీ చేసే కూతురు మమతారాణి ఊడ్చే మిషన్ తెచ్చింది. పీటంత ఉంటుంది. తనే ఊడుస్తుంది, తనే తడిబట్టతో తుడుస్తుంది. ఆదివారమంతా దాన్ని నడిపి చూపించి, సాయంత్రం బస్సెక్కింది.

మర్నాడు హనుమండ్లు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాడు. ఆయన బండి చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది, మూలనున్న మిషన్ గుర్రుమంటూ కదిలింది.

"అయ్యో, ఆగు! ఆగుమంటున్న గదా!"

అడ్డంగా నిలబడితే పక్క నుంచి పోయింది. కుర్చీ అడ్డం పెడితే చుట్టూ తిరిగింది. ఎత్తబోతే ఆమె మోకాలు కలుక్కుమంది. ఏ మీట నొక్కాలో తెలియదు. చూస్తుండగానే ఆయన బూట్ల గుర్తులన్నీ గడప దాకా తుడిచేసింది.

కూతురికి ఫోన్ చేసింది.

"మంచిగ తుడిచిందా అవ్వా? నేనే టైము పెట్టిన ఫోన్ల. బాపు పోంగనే రోజూ దానంతట అదే షురూ అయితది. ఆయన కాళ్లకు అడ్డం రావద్దని."

"జర టైము మార్చరాదు బిడ్డా?"

"ఎందుకవ్వా?"

ఎందుకో చెప్పాలంటే చావు మాట నోట పలకాలి. అదీ ఆయన బాయి కింద ఉండగా.

"ఊకెనే."

"ఊకెనే అయితే ఉండనీ. నీకు తిప్పలు తప్పుతయి," అని మమత పెట్టేసింది.

ఆ పూట ఆమె ముద్ద ముట్టలేదు. గేటు దగ్గరే నిలబడింది. షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చిన భర్తను తల నుంచి కాళ్ల దాకా చూసుకుంది. ఆయన లోపలికి అడుగుపెట్టి అబ్బురపడ్డాడు.

"ఇల్లు అద్దం లెక్క మెరుస్తుందే!" అని అప్పుడే కూతురికి ఫోన్ కలిపాడు. "బిడ్డా, గా మిషన్ ఆపకు. మీ అవ్వ వద్దన్నా ఇనకు. రోజూ గిట్లనే నడువనీ."

దేవవ్వ వంటింట్లోకి పోయి నల్లా విప్పి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని అన్నం వడ్డించింది.

"రేపు డ్యూటీకి నాగా పెట్టరాదు?" అని మాత్రం అడిగింది.

"ఇల్లు మెరిసిందని నాగా పెడుతరానే ఎవరన్న?" అని ఆయన పకపకా నవ్వాడు.