మూడుసార్లు కొలిచే బావ

సముద్రం ఏదో ఒకరోజు తన లోతు తానే మరిచిపోతే, తడి కాళ్లతో ఒడ్డెక్కి వచ్చి అడగాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు. సముద్ర పటాల ఆఫీసులో ఆయన ఆఖరి సంతకం పడనిదే ఏ పటమూ గడప దాటదు. ఆ ఆఫీసు పెద్దకు స్వయానా అక్క మొగుడు. కాబట్టి పెద్దకు బావ, పెద్దను చూసి అందరికీ బావే. అయితే అడగ్గానే సముద్రానికి జవాబు దొరుకుతుందనుకోకండి. “అలా పడుకో, కొలుస్తాను” అంటాడు. మూడుసార్లు కొలుస్తాడు. మూడుసార్లు కొలవనిదే ఏ లోతునూ నమ్మకపోవడం ఆయన జబ్బు. దానికి మందు లేదు. ఉన్నా, సీసాలో ఎంత లోతుందో ఆయన తేల్చేలోగా మందుకు గడువు తీరిపోతుంది.

జేబులో ఎప్పుడూ ఒక సన్నతాడు, దాని కొసన రేగిపండంత సీసపు గుండు, అంగుళానికో ముడి. రోడ్డు మీద గుంత కనిపిస్తే వంగి కొలిచి పక్కన సుద్దతో అంకె వేస్తాడు. ఈత కొలను గోడ మీద ఆరడుగులని రాసి ఉంటే, చొక్కా ప్యాంటుతోనే అంచున కూర్చుని కొలిచి, అయిదడుగుల ఎనిమిది అంగుళాలని తేల్చాడు. ఈత మాస్టారు ఆయన్ని బయటికి గెంటి, ఎవరూ చూడకుండా తానూ ఒక కర్ర ముంచి చూసుకున్నాడు. సాయంత్రానికి గోడ మీద అంకె మారింది.

పెళ్లయిన కొత్తలో, “నా మనసు లోతు మీకేం తెలుసు” అని అక్క అలిగిందట. ఆయన జేబులో చెయ్యి పెట్టాడట. ఆ తర్వాత అక్క ఈ జన్మలో అలగలేదు.

ఇంట్లో అయితే నవ్వి ఊరుకోవచ్చు. ఆఫీసులో బావను మందలించాలంటే, అక్క మొగుడాయె, పెద్దే మొదట తన కుర్చీలోంచి లేచి నిలబడాలి. నిలబడి మందలిస్తే అది విన్నపంలా ఉంటుంది.

ఆ ఆఫీసు గీసేది నీటి అడుగున ఉన్న నేలను. ఆ పటాలు ఎక్కువగా వాడేది జలాంతర్గాములు. పైన శత్రువు ఓడలు గాలిస్తుంటే జలాంతర్గామి చప్పుడు లేకుండా నేలకు దగ్గరగా దిగి నక్కాలి. దారి వెతుక్కోవడానికి చిన్న శబ్దం చేసినా పట్టుబడుతుంది. అంటే కళ్లకు గంతలు కట్టుకుని కాగితాన్ని నమ్మి నడవడమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా అలాంటి పటం ఒకటి నౌకాదళానికి చేరాలి. వారం తిరగ్గానే వాళ్ల యుద్ధ విన్యాసాలు. బావ పుణ్యమా అని అప్పటికే మూడు పటాలు ఆలస్యమయ్యాయి. నాలుగోదీ ఆలస్యమైతే ఆఫీసు పెద్దను ఊరవతల పాత కాగితాల గోదాముకు పంపేస్తామని పైవాళ్లు రాసి మరీ పంపారు. పన్నెండుకు పది నిమిషాలుంది. పటం బల్ల మీద ఉంది, పెన్ను పక్కన ఉంది. బావ మాత్రం చెత్త చదువుతున్నాడు.

చెత్త అంటే పనికిరావని కొట్టేసిన కొలతలు. సర్వే ఓడ కిందికి శబ్దం పంపుతుంది. అది నేలకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కడతారు. మధ్యలో చేపల గుంపు అడ్డొస్తే దానికీ తగిలి తిరిగొస్తుంది. అందుకని ఉన్నట్టుండి లోతు తగ్గినట్టు కనిపిస్తే కంప్యూటర్ గదిలో వాళ్లు ‘చేపలు’ అని రాసి కొట్టేస్తారు.

“సంతకం పెట్టండి బావా,” అన్నాడు పెద్ద.

“సోమవారం చేపలు. బుధవారం చేపలు. శనివారం చేపలు,” అన్నాడు బావ తల ఎత్తకుండా.

“సముద్రంలో చేపలు కాక ఏనుగులుంటాయా?”

“మూడు రోజులూ అదే చోట. అక్కడేమన్నా ఉద్యోగం చేస్తున్నాయా?”

మూడు రోజుల కొలతలనూ ముగ్గురు మనుషులు విడివిడిగా సరిచూశారని, ఒకరు కొట్టేసింది ఇంకొకరు చూడలేదని అప్పుడు తేలింది. అయినా పెద్ద గడియారం చూపించాడు, గోదాము సంగతి గుర్తుచేశాడు.

“పంపితే పోయి ఉండు. పొడి నేల. అక్కడెవరూ మునగరు,” అన్నాడు బావ.

మూడుసార్లు సరిచూసుకుని, ఆ చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘కొండ ఉండవచ్చు, దూరంగా వెళ్లండి’ అని రాసి, రెండు గంటలు ఆలస్యంగా సంతకం పెట్టాడు. సాయంత్రానికల్లా బదిలీ కాగితం వచ్చింది. ఆదివారమంతా అక్కా తమ్ముడూ బావతో మాట్లాడలేదు. బావ ఆ సంగతి గమనించనే లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు.

పెద్ద ఇంకా బల్ల సర్దుకుంటూ ఉండగానే, పదో రోజున, జలాంతర్గామి కెప్టెన్ పటం చంకన పెట్టుకుని స్వయంగా వచ్చాడు. విన్యాసాల్లో ఎదుటి పక్షం ఓడలు తరుముతుంటే, దాక్కోవడానికి తిన్నగా అటే దిగబోయి, ఎర్ర సున్నా చూసి పక్కకు తిరిగారట. తర్వాత సర్వే ఓడ వెళ్లి చూస్తే అక్కడ పదిహేను అంతస్తుల మేడంత కొండ ఉందట. దాని చుట్టూ చేపలు కూడా ఉన్నాయట. బదిలీ కాగితం వచ్చిన దారినే వెళ్లిపోయింది.

కెప్టెన్ పటం పరిచినప్పుడు, కింది మూలన పెన్సిల్‌తో సన్నగా వేసిన 40 అనే అంకె పెద్ద కంటబడింది. ఇదెక్కడి లోతని అడిగాడు. బావ కిటికీలోంచి బయటికి చూశాడు. నకళ్లు తీసే ఆవిడ మాత్రం నోరు విప్పింది. ప్రతి పటం మీదా ఇలాంటిదొకటి ఉంటుందట. సారు తాగిన టీల లెక్క అనుకుని పదకొండేళ్లుగా రబ్బరుతో చెరిపేస్తోందట. ఈసారి హడావిడిలో మరిచిపోయిందట.

“మేం ఉండేది నలభై మందిమే,” అన్నాడు కెప్టెన్ మెల్లగా.

ఇక బావ ఒప్పుకోక తప్పలేదు. పటం ఏ జలాంతర్గామికి వెళుతుందో దాని వంటవాడికి ఫోన్ చేసి, రొట్టెల కొట్టువాణ్ణని చెప్పి, ఎంతమందికి వండుతున్నావని అడుగుతాడట. ఆ అంకె ఎదురుగా ఉంటే మూడోసారి కొలవడానికి విసుగు రాదట.

పెద్ద ఇక ఆగలేదు. టీ గదిలో బావ భుజం మీద చెయ్యి వేసి, ఆఫీసంతా చుట్టూ చేరగా, మా బావ కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా కొండను తాడేసి పక్కకు లాగాడని, ఒంటిచేత్తో నలభై నిండు ప్రాణాలు పైకి తోడాడని మొదలుపెట్టాడు.

బావ టీ కప్పు కింద పెట్టాడు. “నలభై కాదు, ముప్పై తొమ్మిది. మూడోసారి ఫోన్ చేసి కనుక్కున్నాను. వంటవాడికి పన్ను నొప్పి, ఆ రోజు ఎక్కలేదు.”