పేజీల కింద వెంట్రుక

పాపకి నాలుగో నెల వచ్చినప్పటి నుంచి నా జుట్టు రాలుతోంది. దిండు మీద, సింకులో, పాప పిడికిట్లో, ఎక్కడ చూసినా నా వెంట్రుకలే. ఇవాళ పాపని పడుకోబెట్టాక అలాంటి ఒక వెంట్రుకని షాంటిలీలోని మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, దాని మీద ప్రింటర్ కాగితాలు ఒక్కొక్కటే పేరుస్తూ, కళ్ళు మూసుకుని వేలి కొసతో వెతుకుతూ కూర్చున్నాను. మా ఆయన నీళ్ళు తాగడానికి వచ్చి, నా పక్కన కూడా ఒక గ్లాసు పెట్టి వెళ్ళిపోయాడు. మూడు కాగితాల దాకా వెంట్రుక దొరికింది. నాలుగోది వేశాక ఏమీ తెలియలేదు.

రేపు పొద్దున ఇక్కడికి దగ్గర్లోని ఒక మెడికల్ కాలేజీలో, కొత్తగా చేరిన పిల్లలకి ఆస్టియోపతి వైద్యాన్ని పరిచయం చెయ్యాలి. పాప పుట్టకముందు, ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో ఒప్పుకున్న పని. మాట్లాడటానికి భయం లేదు గానీ, మాటలయ్యాక ఈ వెంట్రుక పరీక్ష నా చేత్తో నేనే చేసి చూపించాలి, అదీ నా దిగులు.

ఈ దేశంలో డాక్టర్లు రెండు రకాల కాలేజీల నుంచి వస్తారని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఒకటి ఎం.డి., అంటే మన ఎం.బి.బి.ఎస్. లాంటిది; ఇంకొకటి డి.ఓ., అంటే ఈ ఆస్టియోపతి. మందులు రాయడం, ఆపరేషన్లు చెయ్యడం ఇద్దరికీ సమానమే; డి.ఓ. చదివేవాళ్ళు వాటితోపాటు ఎముకల్నీ కండరాల్నీ చేత్తో తడిమి నొప్పి ఎక్కడుందో కనిపెట్టడం, వీలైతే చేత్తోనే సరిచెయ్యడం నేర్చుకుంటారు. నాకు ఎం.డి. సీటు రాలేదు. నేను పెరిగిన అరోరాలో మా చుట్టూ ఉన్న తెలుగు ఇళ్ళలో అప్పట్లో అది దాదాపు ఫెయిలైనట్టే లెక్క. డి.ఓ. కాలేజీలో చేరతానంటే నాన్న ఒక సెమిస్టర్ చూద్దామన్నారు. అది సరిగ్గా సాగకపోతే మానేసి, ఇంట్లో కూర్చుని మళ్ళీ ఎంట్రన్స్ రాసి ఎం.డి.కి ప్రయత్నించాలని ఒప్పందం. అమ్మ అయితే ఆంటీలు ఫోన్ చేసినప్పుడల్లా, "మెడిసిన్లో చేరిందండీ" అనేసి, వాళ్ళు ఏ కాలేజీ అని అడిగేలోపే, "మీ వంకాయ మొక్కలు కాశాయా?" అని మాట మార్చేసేది.

మొదటి వారం లాబ్‌లో మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒకరి వీపు మీద ఇంకొకరిని చెయ్యి పెట్టమన్నారు. పేరైనా సరిగ్గా తెలియని మనిషి భుజం ఎముక నా అరచేతి కింద కదులుతుంటే ఎంత సిగ్గుపడ్డానో, నా చేతికి ఏమీ తెలియడం లేదని అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. మా ప్రొఫెసర్ బాగా పెద్దాయన, ప్రతి మాటకీ ముందు ఊపిరి పీల్చుకుని మాట్లాడే మనిషి. ఆయన మాకు తలా ఒక పాత ఫోన్ బుక్కూ, వాళ్ళావిడ దువ్వెన నుంచి ఏరి తెచ్చిన తలా ఒక తెల్ల వెంట్రుకా ఇచ్చారు. వెంట్రుకని పేజీ కింద పెట్టి వేలితో వెతకాలి, దొరికితే ఇంకో పేజీ కప్పాలి, సెమిస్టర్ చివరికి పది పేజీల కింద ఉన్నా దొరకాలి. నా పార్ట్‌నర్‌కి, ఆవుల మధ్య పెరిగిన అమ్మాయికి, ఆ రోజే ఆరు పేజీల కింద దొరికింది. నాకు రెండో పేజీ దాటలేదు.

ఇంటికొచ్చి చెబితే, ఆ చదువు పేరు బయటికి చెప్పడానికి ఇష్టపడని అమ్మే, ఫోన్ కంపెనీ వాళ్ళు ఏటా మా డ్రైవ్‌వేలో పడేసి పోయే ఫోన్ బుక్కు దులిపి తెచ్చి, కిచెన్ టేబుల్ దగ్గర నాకెదురుగా కూర్చుంది. రోజూ సాయంత్రం తలకి కొబ్బరినూనె రాసుకుని జడ వేసుకోవడం అలవాటు తనకి. ఆ జడలోంచి ఒక వెంట్రుక పీకి, నన్ను అటు తిరగమని పేజీల కింద దాచేది. "తిరుపతిలో ఇవ్వాల్సిందంతా నీ ఫోన్ బుక్కుకే సమర్పిస్తున్నానే," అని నవ్వేది. నెల తిరిగేసరికి ఎనిమిది పేజీల కింద ఉన్నా నాకు టక్కున దొరికేస్తుంటే, నా వేళ్ళకి విద్య వచ్చేసిందని ఇద్దరం మురిసిపోయాం.

సెమిస్టర్ చివరి పరీక్ష రోజు నాకు మూడు పేజీల కింద కూడా దొరకలేదు. ప్రొఫెసర్ కోప్పడలేదు. నువ్వు కళ్ళతో వెతుకుతున్నావు, చేతుల్ని ఇంకా వెతకనివ్వడం లేదు అని మాత్రం చెప్పి, రెండు వారాలు గడువిచ్చారు. ఇంటికొచ్చి గరాజ్‌లో కార్ ఆపి దిగకుండా ఏడుస్తూ కూర్చుంటే, అమ్మ నన్ను లోపలికి తీసుకెళ్ళి, ఫోన్ బుక్కుని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నట్టుండి ఆగిపోయింది. వెంట్రుక దాచాక అది అక్కడే ఉందో లేదోనని పేజీ మీద వేలితో ఒకసారి అదిమి చూసేదట. వెంట్రుక ఉన్న చోటల్లా తన నూనె వేలిముద్ర సన్నగా మెరుస్తోంది. ఇన్ని నెలలూ నేను తెలియకుండా ఆ మెరుపునే చూసుకుని వెతికాను.

"అయ్యో, నిన్ను నేనే చెడగొట్టానే," అంది అమ్మ. మంగళవారం తలంటుకోవడం జన్మలో ఎరగని మనిషి ఆ మంగళవారమే వెళ్ళి షాంపూతో తల రుద్దుకుని, తడి జుట్టుతోనే వచ్చి కూర్చుని, చున్నీతో నా కళ్ళకి గంతలు కట్టింది. ఎన్నో రోజులు ఏమీ తెలియలేదు. నా వేలి కొసలో నా గుండె కొట్టుకోవడమే తెలిసేది. అది కాస్త నెమ్మదించేదాకా ఆగడం అలవాటయ్యాక, ఒకరోజు, అన్నంలో రాయి పంటికి తగలకముందే నాలుకకి తెలిసిపోయినట్టు, పేజీల కింద సన్నటి ఎత్తు తెలిసింది. గడువు రోజున పది పేజీల కిందా దొరికింది. నాన్న ఎంట్రన్స్ పుస్తకాలు పెట్టెలో సర్ది గరాజ్‌లో పెట్టేశారు. అమ్మ ఆ ఆదివారం ఫోన్లో ఎవరో ఆంటీతో, నాకు వినపడేలా, "ఎం.డి. కాదండీ, డి.ఓ. అంటారు. వీళ్ళు చేత్తో చూస్తారు. మీ డాక్టర్ మిమ్మల్ని ఎప్పుడైనా చేత్తో చూశాడా చెప్పండి?" అంది.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు దాటుతోంది. ఇప్పుడు నా క్లినిక్‌లో ఒక్కో పేషెంట్‌కి పావుగంట. అందులో పది నిమిషాలు నా రెండు చేతులూ కీబోర్డ్ మీదే ఉంటాయి. నడుం నొప్పి అని వచ్చినవాళ్ళకి స్కాన్ రాసి పంపిస్తాను, నడుం మీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. అంతెందుకు, పాప నుదురు వెచ్చగా ఉందో లేదో నా అరచేతిని నమ్మలేక మూడు థర్మామీటర్లు కొన్నాను. మూడూ మూడు రకాలుగా చెబితే నాలుగోది ఆర్డర్ చేశాను.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, ఒక వెంట్రుక పంపిస్తావా అని వేళాకోళం చేశాను. "ఇప్పుడడిగితే ఎక్కణ్ణించి తెచ్చేదే, ఉన్నవే నాలుగు," అంది. తర్వాత, "చేతులు కడుక్కుని కూర్చో. నూనె చెయ్యి కాదుగా?" అంది.

ఇంటి ముందు ఫోన్ బుక్కులు పడెయ్యడం ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనేలేదు. చేత్తో చూడటం ఎప్పుడు మానేశానో కూడా అలాగే గమనించలేదు. రేపు ఆ పిల్లల్లో ఎవరైనా అమ్మ అప్పట్లో ఆ ఆంటీని అడిగిన ప్రశ్నే నన్ను అడిగితే ఏం చెప్పాలా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నాను. మూడు కాగితాల దగ్గరే ఆగిపోతున్నానని చెప్పి, వాళ్ళ ముందు ఆగిపోవడమే నయమేమో.

ఇది రాస్తూ రెండుసార్లు లేచి పాప గదిలోకి వెళ్ళొచ్చాను. రెండోసారి థర్మామీటర్ బల్ల మీదే వదిలేసి, పాప ఛాతీ మీద అరచెయ్యి ఆన్చి నిలబడ్డాను. మొదట నా గుండె చప్పుడే తెలిసింది. అది నెమ్మదించేదాకా చెయ్యి తియ్యలేదు.