నా గొర్రెలతో కాలేజీ చదువు

మా ఇంట్లో బిడ్డ పుడితే ఒక ఆడగొర్రెపిల్ల చెవికి గాటు పెట్టి, ఆ బిడ్డ పేరున మందలో విడిచేవారు. దాని సంతానమంతా ఆ బిడ్డదే. చిన్నప్పుడు ముదిగుబ్బలో ఉండి హైస్కూలు చదువుతానని, నా గొర్రె అమ్మమని ఏడ్చాను.

"అది పోతే దాని కడుపున పుట్టేవన్నీ పోతాయి కదరా. మందెంబడి పో" అన్నాడు మా నాయన.

పోయాను. కంపకు తగులుకున్న పేపరు ముక్కలు, ఎరువు సంచుల మీది అక్షరాలు, ఏది దొరికితే అది చదివాను. దిద్దేవాడు లేడు.

ఇప్పుడు తమ్ముడి మనవరాలు ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల పేరున విడిచిన గొర్రెలన్నీ మొదటి ఏడు ఫీజుకే పోయాయి. రెండో ఏడు రాగానే తమ్ముడు నా మంచం పక్కన చేరాడు.

"అన్నా, ఇంగ నీ గొర్రెలే ఉండేది."

"నా చదువుకు అమ్మని గొర్రెలప్పా అవి! ఆ పిల్ల చదువుకు అమ్మల్లా?"

"ఇంగెవరికి దాచిపెడ్తావు?"

కడుపు మండింది. అంత దుడ్లు పోసే చదువు ఎట్లుంటుందో చూసొచ్చి చెప్తానని బస్సెక్కాను.

ఆ పిల్ల కాలేజీ అంతా తిప్పింది. అద్దాల గోడలు, లిఫ్టు నన్నేమీ చెయ్యలేదు. లైబ్రరీ వాకిట్లో మాత్రం నిలబడిపోయాను. చల్లటి గది, నిలువెత్తు బీరువాలు, నిండా పుస్తకాలు. మనిషి లేడు. ఒకటి తెరిస్తే పుటలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

"ఇవి ఎవరూ చదవరా?"

"పరీక్షకు కావల్సింది ఫోన్లోనే వస్తాది పెద్దతాతా. నేను ఏసీ కోసం వస్తాంటా" అని నవ్వింది.

ఆ నవ్వుకు ఒళ్లు మండిపోయింది. ఈ చదువు అంత ఖరీదు చేస్తుందా అంటే, ఆ పిల్లకు చెయ్యదు. నాకైతే చేసేది. ఈ గది నాది కావాల్సింది.

"పుస్తకాలు ఇంటికిస్తారా?"

"ఇస్తారు. ఎవురూ అడగరంతే."

"నేనడుగుతాండా. సెలవుకొచ్చినప్పుడల్లా తేవల్ల. లేకుంటే గొర్రెలు లేవు."

"నీకు ఇంగ్లీషు రాదు కదా!"

"నువ్వు చదివి చెప్పు. అట్లన్నా నీకొస్తాది."

గొర్రెలు సంతకు పోయాయి. సెలవులకు ఆ పిల్ల లావుపాటి పుస్తకమే తెచ్చి, అరుగు మీద కూర్చుని చదవసాగింది. వింటుంటే ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. కాసేపటికే మూసేసింది.

"నాకే అర్థం కాలేదు పెద్దతాతా."

"మళ్లా మొదట్నుంచి చదువు. ఊరికే పోయినాయా నా గొర్రెలు?"