కొండ పేరు

కొండ నుంచి కొండకి ఫోన్లు మోసే ఏ రేడియో లింకు మీద చెయ్యి వేసినా, వాల్ట్ హాగెన్ ముందు దాని సెట్టింగులన్నీ ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకుంటాడు. మోంటానా గాలికి కాగితం నిలవదు. తర్వాత, తాను మార్చబోయే డిష్షు ఏ కొండ మీదుందో ఆ పేరు పైకి అని, అప్పుడే లాప్‌టాప్‌లో మీట నొక్కుతాడు. రీసెట్ చేసిన డిష్షు అన్నీ మరిచిపోతుంది. దగ్గరికెళ్లి మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసిందే.

మొన్న జులైలో నోటి నిండా శాండ్‌విచ్ ఉండి పేరు అనలేదు. తానున్న కొండ డిష్షనుకుని అవతలి కొండదాన్ని రీసెట్ చేశాడు. లోయలో ఆస్పత్రి ఫోన్లు మూగబోయాయి. నలభై మైళ్ల మట్టిరోడ్డున ట్రక్కు తోలుకెళ్లి, అరచెయ్యి చూసుకుంటూ అంకెలన్నీ తిరిగి కొట్టాడు. చెమటకి చెరిగిన ఒక్క అంకె మూడుసార్లు తప్పింది.

లింకు కలవగానే నర్సు లొరెయిన్ ఫోన్ చేసింది. "ఇక్కడ ఒకామెకి పురిటినొప్పులొస్తుంటే డాక్టరుకి కారులో కబురు పంపానయ్యా. ఈసారి కూడా గాలేనా?"

"గాలి పాపం ఊరికే ఉంది," అన్నాడు వాల్ట్.

టవర్ కింది షెడ్డులో, లింకు తెగినప్పుడల్లా రాసే లాగ్‌బుక్కు తెరిచాడు. కారణం గడిలో పాతికేళ్లుగా ఉన్నవి రెండే మాటలు: గాలి, మంచు. జులై తేదీల పక్కన కూడా మంచే. ఆ రాతల్లో సగం తనవే. ఈసారి ఆ గడిలో తన పేరు రాశాడు.